పశ్చాత్తాపమూ మారుమనస్సూ

ఏటేటా భస్మ బుధవారంతో ఆరంభించి ఈస్టరు పండుగ వరకు, ఆదివారాలను మినహాయించి నలుబది దినాలను క్రైస్తవులు ఉపవాసంతోను ప్రార్థనతోను గడుపుతారు. కథోలికులు ఈ కాలాన్ని తపస్సుకాలం అంటారు. ఇతర సంఘాలవారిలో పలువురు లెంటు దినాలని, శ్రమల దినాలని వ్యవహరిస్తారు. ఆ దినాలలో దేవాలయ ప్రసంగాలలో తరచుగా వినవచ్చే మాట ఒకటున్నది. అది మారుమనస్సు. క్రైస్తవేతరులైన తెలుగువారికి ఈ మాట కొంత క్రొత్తగా తోచవచ్చును. మన వాడుకలో ఉన్నది పశ్చాత్తాపం. తప్పు చేసినవాడు తరువాత కుములుతాడు, కన్నీరు కారుస్తాడు, క్షమింపుమని వేడుకుంటాడు. అంతటితో పశ్చాత్తాపం పూర్తి అయినదని మనం సామాన్యంగా అనుకుంటాము. అయితే తెలుగు బైబిలును శ్రద్ధగా చదివినవారికి ఒక విశేషం కనబడుతుంది. అందులో ఈ రెండు మాటలూ ఉన్నవి. ఒకదానికి బదులుగా మరొకటి పెట్టదగినవి మాత్రం కావు.

యోర్దాను నదీతీరాన బాప్తిస్మమిచ్చు యోహాను ప్రజలను పిలిచినది మారుమనస్సుకు. యేసు తన బోధను ఆరంభించినపుడు జనులను కోరినదీ అదే. పశ్చాత్తాపం అన్న మాటను మత్తయి సువార్త 27వ అధ్యాయంలో చూడవచ్చును. అక్కడ పశ్చాత్తాపపడినవాడు ఇస్కరియోతు యూదా. ముప్పది వెండి నాణేలకు గురువును అప్పగించిన యూదా, గురువునకు శిక్ష పడినదని చూచి తల్లడిల్లినాడు. తాను పాపం చేసితినని నోరారా ఒప్పుకున్నాడు. పుచ్చుకున్న సొమ్మును దేవాలయంలో పారవేసినాడు. పిమ్మట పోయి ఉరివేసుకున్నాడు. దుఃఖమున్నది, ఒప్పుకోలున్నది, సొమ్ము తిరిగి ఇచ్చుట కూడా ఉన్నది. అయినా క్రైస్తవ సంప్రదాయం యూదాను మారుమనస్సు పొందినవానిగా లెక్కించలేదు. అతనిలో కొరవడినదేమి అన్న ప్రశ్నకు సమాధానం దొరికితే ఈ విషయంలో సగం తెలిసినట్లే.

ముందుగా మాటలను పరిశీలిద్దాము. సువార్తలు మనకు లభించినది గ్రీకు భాషలో. మారుమనస్సుకు అక్కడ ఉన్న మాట మెటానోయియా. మెటా అనగా తరువాత అని, మార్పు అని అర్థం; నూస్ అనగా బుద్ధి, మనస్సు. యూదా విషయంలో వాడిన క్రియ వేరు. దానిలో ఉన్నది చింత, ఆరాటం. పని జరిగిపోయిన తరువాత మనస్సును పట్టి పీడించే వ్యథ. సంస్కృతంలో పశ్చాత్ అనగా తరువాత, తాపమనగా వేడి, బాధ. కనుక ఆ రెండవ గ్రీకు మాటకు పశ్చాత్తాపం చక్కగా అమరినది. ఇక మారుమనస్సు అన్నది మన మారుపేరు, మారువేషం వంటి సమాసం. మారు అనగా మరియొక. మారువేషంలో మనిషి అతడే, వస్త్రాలు మాత్రం వేరు. మారుమనస్సులో వస్త్రాలు అవే, లోపలివాడు వేరు. ఈ రెండింటి నడుమ ఉన్న దూరమే ఈ ప్రసంగానికి విషయమని చెప్పినా తప్పులేదు.

అయితే నిఘంటువును పట్టుకొని సిద్ధాంతం నిర్మించడంలో ఒక చిక్కున్నది. అదే మత్తయి సువార్త 21వ అధ్యాయంలో ఇద్దరు కుమారుల ఉపమానం గలదు. తండ్రి తోటలో పని చేయుమని చెప్పగా ఒకడు పోనన్నాడు, పిమ్మట మనస్సు మార్చుకొని పోయినాడు. రెండవవాడు పోతానని చెప్పి పోలేదు. తండ్రి ఇష్టం నెరవేర్చినవాడు మొదటివాడే. గ్రీకు మూలంలో ఈ మొదటి కుమారునికి వాడిన క్రియ, యూదాకు వాడిన క్రియ ఒక్కటే. మాట ఒకటే అయినా ఒకడు తోటకు పోయినాడు, మరియొకడు ఉరిత్రాటి వద్దకు పోయినాడు. కనుక భేదం కేవలం మాటలో లేదు. వ్యథ కలిగిన తరువాత కాళ్లు ఏ దిక్కునకు సాగినవి అన్న దానిలో ఉన్నది.

ఈ దిక్కు అన్న భావం యేసు కాలానికి మిక్కిలి పూర్వమే యూదుల గ్రంథాలలో స్థిరపడినది. హెబ్రీ భాషలో ప్రవక్తలు వాడిన మాట షూబ్. దాని అర్థం తిరుగుట, మరలుట. ఊరు వదలిపోయినవాడు మరల ఇంటికి వచ్చుటకు కూడా ఆ మాటే. హోషేయ, యిర్మీయా, యెహెజ్కేలు ప్రజలను పదే పదే కోరినది ఇదే: మరలి రండి. ఆ దేశంలో దుఃఖం కలిగినపుడు వస్త్రాలు చింపుకొనుట ఆచారం. చింపవలసినది బట్టలను కాదు, హృదయాలను అని యోవేలు ప్రవక్త హెచ్చరించినాడు. బట్టలు చింపుకొనుటకు క్షణం చాలును. దారి తప్పి పది క్రోసులు పోయినవాడు వెనుకకు రావాలంటే ఆ పది క్రోసులూ నడవవలసినదే.

ఇప్పుడు యూదాను పేతురు ప్రక్కన నిలిపి చూద్దాము. ఆ రాత్రి గురువును విడిచినది యూదా ఒక్కడే కాదు. ఆయనను ఎరుగనని పేతురు ముమ్మారు బొంకినాడు, కోడి కూసినపుడు వెలుపలికి పోయి వెక్కి వెక్కి ఏడ్చినాడు. కన్నీటి పరిమాణాన్ని కొలిచే సాధనమేదీ మన వద్ద లేదు. ఉన్నా యూదా వ్యథ తక్కువ తూగుతుందని నేననుకోను. అయితే యూదా తన పాపాన్ని ఒప్పుకున్నది ఆ నేరంలో తనతో పాలుపంచుకున్న ప్రధాన యాజకుల వద్ద. అది నీ సంగతి, మాకేమి అని వారు త్రోసిపుచ్చినారు. పేతురు మాత్రం తక్కిన శిష్యులను విడిచిపోలేదు. సిగ్గును భరించి వారి నడుమనే ఉన్నాడు. యోహాను సువార్త చివరి అధ్యాయంలో, గలిలయ సముద్రతీరాన, యేసు అతనిని ఎదుట నిలిపి నీవు నన్ను ప్రేమిస్తున్నావా అని మూడు మారులు అడుగుతాడు. ముమ్మారు కాదన్నవాడు ముమ్మారు సమాధానం చెప్పవలసి వచ్చినది. మూడవసారి పేతురు నొచ్చుకున్నాడని సువార్త చెబుతున్నది. ఆ నొప్పి తప్పించుకొనదగినది కాదు. ఎవరికి ద్రోహం చేసినాడో వారి ముఖం చూడగలిగినాడు పేతురు. యూదాకు కొరవడినది ఇదేనని నా భావన.

బాప్తిస్మమిచ్చు యోహాను ఈ విషయంలో ఆశ్చర్యకరమైన కార్యదక్షుడు. లూకా సువార్త 3వ అధ్యాయంలో జనులు ఆయనను, మేమేమి చేయవలెను అని అడుగుతారు. ఏడువుడని గాని, అరణ్యానికి పొండని గాని ఆయన చెప్పలేదు. రెండు అంగీలున్నవాడు లేనివానికి ఒకటి ఇవ్వవలెనన్నాడు. సుంకరులు అడిగితే, నిర్ణయించిన దానికన్న ఎక్కువ వసూలు చేయవద్దన్నాడు. సైనికులు అడిగితే, బెదిరించి సొమ్ము గుంజవద్దని, జీతంతో తృప్తిపడుమని అన్నాడు. ఎవరి తప్పు ఎక్కడ ఉన్నదో వారి మార్పు అక్కడే కనబడాలి. సుంకరి సైనికుని పాపానికి ఏడ్చి లాభం లేదు. ఈ మాట గుర్తుంచుకోవలసి ఉన్నది, ముందు దీనితో పనిబడుతుంది.

సుంకరి అంటే జక్కయ్య కథ జ్ఞాపకం రాకతప్పదు. యెరికో పట్టణంలో సుంకపు గుత్తదారుడు. పొట్టివాడు గనుక యేసును చూచుటకు మేడిచెట్టు ఎక్కినాడు. యేసు అతనిని పేరుపెట్టి పిలిచి, ఈ దినం నీ ఇంట ఉంటానన్నాడు. జక్కయ్య ఆస్తిలో సగం బీదలకిస్తానని, ఎవరి వద్ద అన్యాయంగా తీసుకున్నది ఉంటే దానికి నాలుగింతలు చెల్లిస్తానని లేచి చెప్పినాడు. ఆనాటి ధర్మశాస్త్రం ప్రకారం, మోసంతో పొందిన దానిని స్వయంగా ఒప్పుకొని తిరిగి ఇచ్చువాడు అసలుపై అయిదవ వంతు కలిపితే చాలును. నాలుగింతలు అన్నది గొఱ్ఱెను దొంగిలించి అమ్మినవానికి, లేదా చంపినవానికి విధించిన దండన. అనగా జక్కయ్య తన పనికి తానే పేరు పెట్టుకున్నాడు: లెక్కలో పొరపాటు కాదు, దొంగతనం.

ఈ నాలుగింతల దండనకు మరొక పూర్వకథ ఉన్నది. దావీదు రాజు ఊరియా భార్య బత్షెబను చేపట్టి, ఊరియాను యుద్ధంలో ముందు వరుసన నిలిపి చంపించినాడు. నాతాను ప్రవక్త రాజు ముందు నిలిచి ఒక కథ చెప్పినాడు. ధనవంతుడొకడు, తన మందలను ముట్టక, పేదవాడు బిడ్డవలె పెంచుకున్న ఒకే ఒక ఆడ గొఱ్ఱెపిల్లను పట్టుకొని అతిథికి వండించినాడని. రాజు మండిపడి, ఆ గొఱ్ఱెపిల్లకు నాలుగింతలు ఇవ్వవలసినదేనని తీర్పు చెప్పినాడు. ఆ మనిషివి నీవేనన్నాడు నాతాను. ఇతరుల పాపాన్ని చూచి ఉగ్రుడైన రాజుకు తన పాపం కనబడుటకు మరొకరు వచ్చి కథ చెప్పవలసి వచ్చినది. దావీదు నెలల తరబడి దానిని కప్పిపుచ్చుకొని రాజ్యం చేసినాడు. నిద్రపట్టలేదని ఎక్కడా వ్రాయబడలేదు. అంతరాత్మ సకాలంలో తనంతట తానే పలుకుతుందన్న నమ్మకం బైబిలుకు అంతగా ఉన్నట్లు లేదు.

ఇక్కడ ఒక సందేహం కలుగుతుంది. సొమ్ము తిరిగి ఇచ్చుట, నడత మార్చుకొనుట ఇంత ముఖ్యమైతే, అది క్షమాపణకు చెల్లించే మూల్యమా? క్రైస్తవ విశ్వాసం దీనికి కాదని సమాధానమిస్తుంది. తప్పిపోయిన కుమారుని ఉపమానం తెలియనివారు అరుదు. ఆస్తి పంచుకొని దూరదేశం పోయి, అంతా పాడుచేసుకొని, పందుల మేతకు ఆశపడే స్థితికి వచ్చిన కుమారుడు తండ్రికి చెప్పవలసిన మాటలను వరుసగా కూర్చుకుంటాడు. వాటిలో చివరిది, నన్ను కూలివానిగా పెట్టుకొనుమన్నది. తీరా ఇంటికి వచ్చేసరికి, దూరాన ఉండగానే తండ్రి చూచి పరుగెత్తి కౌగిలించుకున్నాడు. కుమారుడు తన మాటలు మొదలుపెట్టినాడు గాని, కూలివాని మాట దాకా రానే లేదు. తండ్రి అప్పటికే వస్త్రం, ఉంగరం, చెప్పులు తెమ్మంటున్నాడు. క్షమ ముందు నుండే ఉన్నది. జక్కయ్య కథలో కూడా యేసు ఇంటికి వస్తానన్నది ముందు, జక్కయ్య ఆస్తి పంచుతానన్నది తరువాత. అప్పు తీర్చినందువల్ల తలుపు తెరువలేదు. తలుపు తెరచి ఉన్నదని తెలిసినవాడికి అప్పు తీర్చే ధైర్యం వచ్చినది.

క్రైస్తవ సంఘ చరిత్రలో ఈ రెండు కొసలను కలిపి పట్టుకొనుట సులభం కాలేదు. తొలి శతాబ్దాలలో ఘోరపాపం చేసినవారు సంఘమంతటి ఎదుట ప్రాయశ్చిత్తం చేయవలసి ఉండేది. 390లో రోమను చక్రవర్తి థియొడోసియస్ తన సేనాని హత్యకు ప్రతీకారంగా థెస్సలొనీక పట్టణంలో సామాన్య ప్రజలను ఊచకోత కోయించినపుడు, మిలాను బిషప్పు అంబ్రోసు అతనికి లేఖ వ్రాసి, పశ్చాత్తాపపడనిదే అతని సన్నిధిలో ప్రభు సంస్కారం జరుపనన్నాడు. చక్రవర్తి రాజచిహ్నాలు తీసివేసి సంఘం ముందు నిలిచినాడు. మరణశిక్షలను ముప్పది దినాలు ఆపి పునరాలోచించవలెనన్న శాసనాన్ని కూడా సంప్రదాయం ఈ సంఘటనతోనే ముడిపెడుతున్నది. కాలక్రమాన బహిరంగ ప్రాయశ్చిత్తం తగ్గి, గురువు చెవిలో చెప్పుకొనే పాపసంకీర్తనం వ్యాపించినది. ఏటికి ఒకమారైనా అది విధిగా చేయాలని 1215 నాటి నాలుగవ లాటరను మహాసభ నిర్ణయించినది. లాటిను బైబిలులో మెటానోయియాకు వచ్చిన అనువాదం ప్రాయశ్చిత్తం చేయుడన్న అర్థాన్ని కూడా ఇచ్చేది. 1516లో ఎరాస్మస్ గ్రీకు మూలాన్ని అచ్చువేయించిన తరువాత పండితుల దృష్టి మరల మూలపదం మీదికి పోయినది. మరుసటి ఏడు, 1517లో, పాపపరిహార పత్రాల విక్రయాన్ని నిరసిస్తూ మార్టిను లూథరు ప్రకటించిన 95 వాదాంశాలలో మొట్టమొదటిది దీనిని గురించే: విశ్వాసి యావజ్జీవితమూ మారుమనస్సుగా ఉండాలన్నది దాని సారాంశం. ఒక దినపు కార్యంగా ముగిసేది కాదన్నమాట.

యావజ్జీవితమూ అన్న మాటను వినుట తేలిక. అది ఒక మనిషి బ్రదుకులో ఎట్లా జరుగుతుందో, ఎంత నెమ్మదిగా జరుగుతుందో చూపుటకు జాను న్యూటను చరిత్ర కన్న తగినది నాకు తోచలేదు. ప్రపంచమంతటా పాడుకొనే అమేజింగ్ గ్రేస్ అన్న ఆంగ్ల కీర్తన వ్రాసినది ఈయనే. ఈయన కథను ప్రసంగీకులు ఉదాహరణగా తరచు చెబుతారు. కాని సామాన్యంగా సముద్రంలో తుఫానుతో ముగిస్తారు. అసలు విషయం తుఫాను తరువాత ఉన్నది.

న్యూటను 1725లో లండనులో పుట్టినాడు. ఏడవ ఏడు నిండకముందే తల్లి పోయినది. తండ్రి ఓడ కప్తాను. 1744లో ఇతనిని బలవంతంగా నౌకాదళంలో చేర్చుకున్నారు. పారిపోయి పట్టుబడి కొరడాదెబ్బలు తిన్నాడు. పిమ్మట పశ్చిమ ఆఫ్రికా తీరంలో ఒక బానిసల వర్తకుని కొలువులో చేరి, అక్కడ రోగంతో, ఆకలితో, అవమానంతో బానిసకన్న కనాకష్టంగా రోజులు గడిపినాడు. దైవదూషణలో అతనికి సాటి లేడని నావికులే అనేవారు. గ్రేహౌండ్ అన్న ఓడలో స్వదేశానికి తిరిగి వస్తుండగా 1748 మార్చి నెలలో అట్లాంటికు సముద్రంలో ఘోరమైన తుఫాను వచ్చినది. ఓడ ప్రక్క పగిలి నీరు లోనికి వచ్చినది. ఓడలోని సరుకులో తేనెమైనం, రంగు కలప ఉన్నవి. అవి నీటికన్న తేలిక గనుక ఓడ మునుగలేదు. న్యూటను గంటల తరబడి నీరు తోడి, అలసిన పిమ్మట చుక్కాని పట్టి నిలిచినాడు. ఆ పనిలో ఉండగా దేవుని కరుణను కోరే మాట ఒకటి అతని నోట అప్రయత్నంగా వచ్చినది. తన నోట ఆ మాట వచ్చినందుకు తానే ఉలికిపడినాడు. జీవితాంతమూ ఏటేటా ఆ దినాన్ని ఆయన ప్రార్థనతో గడిపినాడు.

ఇంతవరకు అందరూ చెప్పేదే. తుఫాను తరువాత న్యూటను ఏమి చేసినాడు? తిట్లు మానినాడు, బైబిలు చదివినాడు. అదే సంవత్సరం బానిసలను కొనే ఓడలో ప్రధాన సహాయకుడుగా ఎక్కినాడు. 1750 నుండి 1754 వరకు తానే కప్తానుగా మూడు యాత్రలు నడిపినాడు. ఆఫ్రికా తీరంలో స్త్రీ పురుషులను, బాలురను కొని సముద్రం దాటించి అమ్మినాడు. ఆదివారాలు ఓడమీద నావికులను చేర్చి ప్రార్థనలు జరిపేవాడు. క్రింద ఓడగర్భంలో మనుషులు ఇద్దరిద్దరుగా సంకెళ్లలో పడి ఉండేవారు. ఆయన దినచర్య 1962లో అచ్చయినది. 1752లో తిరుగుబాటు తలపెట్టినారన్న అనుమానం మీద బాలురకు బొటనవ్రేళ్లు నొక్కే మరలు బిగించి నిజం చెప్పించినట్లు అందులో ఉన్నది. ఆ యాత్రలలో ఓడమీద తాను అనుభవించినంత మధురమైన దైవసాన్నిధ్యం మరెక్కడా ఎరుగనని కూడా ఆయన తరువాత వ్రాసినాడు. ఆ భక్తి నటన కాదు. నటన అయితే మనం చింతించవలసినది ఇంత ఉండేది కాదు. నిజమైన భక్తి, నిజమైన కన్నీరు, నిజమైన కృతజ్ఞత ఒక మనిషిలో ఉండగానే, కాళ్ల క్రింద ఉన్న ఘోరం అతనికి కనబడకపోవచ్చును.

యోహాను సుంకరులకు చెప్పిన మాట ఇప్పుడు స్మరించుకోవాలి. వృత్తి మానుమని ఆయన చెప్పలేదు, న్యాయంగా చేయుమన్నాడు. న్యూటను కూడా అట్లాగే అనుకున్నాడు. తనను కారాగారపు కాపలాదారుతో పోల్చుకున్నాడు, కరుణగా మెలిగితే చాలునని భావించినాడు, ఇంతకన్న దయగల వృత్తి దొరికితే బాగుండునని ప్రార్థించినాడు. సుంకాన్ని న్యాయంగా వసూలు చేయవచ్చును. మనిషిని దొంగిలించి న్యాయంగా అమ్ముట సాధ్యం కాదు. ఈ భేదం ఆయనకు చాలాకాలం తెలియలేదు. 1754లో ఆయన సముద్రం వదలినది అంతరాత్మ ప్రబోధం చేత కాదు. మరొక యాత్రకు బయలుదేరబోతూ మూర్ఛవచ్చి పడిపోగా వైద్యులు వద్దన్నారు. మరుసటి ఏడు లివర్‌పూల్ రేవులో సుంకపు ఉద్యోగిగా చేరినాడు. బానిసల కప్తాను సుంకరి కావడం యాదృచ్ఛికమే అయినా, సువార్త చదివినవానికి నవ్వు రాక మానదు.

1764లో న్యూటను ఇంగ్లాండు సంఘంలో గురువై ఓల్నీ గ్రామంలో కుదిరినాడు. ఆ ఏడే ఆయన స్వీయచరిత్ర వెలువడినది. తుఫాను తరువాత చాలాకాలం వరకు తాను పూర్తి అర్థంలో విశ్వాసిని కానని అందులో ఒప్పుకున్నాడు. కాని బానిస వ్యాపారం నడుపుతున్నన్నాళ్లు అది ధర్మవిరుద్ధమన్న సందేహం తనకు కలుగలేదని కూడా అందులోనే వ్రాసినాడు. 1773 నూతన సంవత్సర దినాన తన ప్రసంగం కొరకు ఆయన కూర్చిన కీర్తనే పైన చెప్పిన ప్రసిద్ధ గీతం. 1779లో మిత్రుడు విలియం కౌపరుతో కలిసి ప్రచురించిన ఓల్నీ కీర్తనల సంపుటిలో అది అచ్చయినది. బానిస వ్యాపారం చేసినందుకు పశ్చాత్తాపంతో వ్రాసిన పాట అని దానిని గురించి లోకంలో ఒక ప్రతీతి. ఆ పాట నాటికి ఆయన ఆ వ్యాపారానికి వ్యతిరేకంగా బహిరంగంగా ఒక్క మాట కూడా పలికి ఉండలేదు.

1780లో న్యూటను లండనుకు, సెయింట్ మేరీ ఉల్‌నాత్ దేవాలయానికి మారినాడు. 1785 చివర విలియం విల్బర్‌ఫోర్సు అన్న యువ పార్లమెంటు సభ్యుడు రహస్యంగా వచ్చి, రాజకీయాలు వదలి మతసేవలో చేరవలెనా అని సలహా అడిగినాడు. వదలవద్దన్నాడు న్యూటను. 1787లో బానిస వ్యాపార నిర్మూలనకు లండనులో సంఘం ఏర్పడినది. దావీదుకు నాతాను వచ్చినట్లు, న్యూటనుకు ఆ కాలమే వచ్చి కథ చెప్పినదనవచ్చును. తాను వ్యాపారంలో ఉన్ననాడు ఏ మిత్రుడూ అది తప్పని హెచ్చరించలేదని ఆయన తరువాత వ్రాసుకున్నాడు.

1788లో, తుఫాను గడచిన నలుబది ఏండ్లకు, న్యూటను ఆఫ్రికా బానిస వ్యాపారాన్ని గురించి ఒక చిన్న పుస్తకం ప్రకటించినాడు. నా దృష్టిలో ఆయన మారుమనస్సుకు అసలైన సాక్ష్యం ఇది. మౌనంగా ఉంటే నేరమవుతుందని మొదటనే చెప్పి, తన ఒప్పుకోలు చాల ఆలస్యంగా వస్తున్నదని, ఇప్పుడు తలచుకుంటే గుండె వణకే పనికి ఒకనాడు తానే సాధనమైనందుకు ఎన్నటికీ సిగ్గుపడుతూనే ఉంటానని వ్రాసినాడు. అంతటితో ఆగలేదు; ఆగి ఉంటే అది మరొక కన్నీటి కథ అయ్యేది. ఆ తరువాతి పుటలలో ఉన్నది సాక్ష్యం. వంద టన్నులకు కొంచెం మించిన ఓడలో 220 నుండి 250 మంది వరకు బానిసలను నింపుతారని లెక్క చెప్పినాడు. అలమారలో పుస్తకాలు పేర్చినట్లు మనుషులను ఒకరి ప్రక్క ఒకరిని పరుండబెడతారన్నాడు. బొటనవ్రేళ్ల మరలు ఎట్లా పని చేస్తవో వివరించినాడు. పడవలో పసిబిడ్డ ఏడ్చి నిద్ర చెడగొట్టినదని తల్లి చేతినుండి లాగి సముద్రంలో విసిరిన ఓడ ఉద్యోగిని గురించి చెప్పినాడు. బానిస స్త్రీల పట్ల నావికుల ప్రవర్తనను దాచలేదు. ఇవన్నీ కప్తానుగా ఉన్నవానికి మాత్రమే తెలిసే సంగతులు. వ్యాపారులు మిషనరీలను, కవులను అజ్ఞులని త్రోసివేయగలరు. ఈ సాక్షిని త్రోసివేయలేరు. నిర్మూలన సంఘం వారు ఆ పుస్తకాన్ని పార్లమెంటు సభ్యులకు పంచినారు. 1790లో ఆయన కామన్స్ సభ ఉపసంఘం ముందు హాజరై ప్రశ్నలకు సమాధానాలు చెప్పినాడు. అప్పటికి ఆయన వయస్సు అరువది దాటినది.

జక్కయ్యవలె నాలుగింతలు తిరిగి చెల్లించే అవకాశం న్యూటనుకు లేదు. ఆయన అమ్మినవారు కరీబియను దీవులలో, అమెరికాలో తోటలలో చెదరిపోయినారు. వారిలో ఎందరు బ్రదికి ఉన్నారో ఆయనకు తెలిసే మార్గం కూడా లేదు. చెల్లింపు అసాధ్యమైన చోట సాక్ష్యం ఇచ్చినాడు. ఇది చాలునా అని అడిగేవారున్నారు. అడగవలసినదే. ఆ బాలురు బ్రదికి ఉండి, ఆ మరల గుర్తులు చేతులకు ఉండి, ఈ పుస్తకం చదువగలిగి ఉంటే ఏమనేవారో మనం ఊహించి చెప్పే అధికారం మనకు లేదు. దేవుడు న్యూటనును క్షమించినాడని సంఘం చెప్పవచ్చును. ఆ బాలుర తరపున క్షమించే హక్కు సంఘానికి ఎక్కడినుండి వచ్చినదని అడిగితే, క్రైస్తవ వేదాంతులలో నిజాయితీపరులు కొందరు ఇక్కడ మౌనం వహిస్తారు. ఆ మౌనమే సరియైనదని నేననుకుంటాను.

బానిస వ్యాపారాన్ని నిషేధించే చట్టానికి 1807 మార్చి 25వ తేదీన రాజామోదం లభించినది. న్యూటను అప్పటికి ఎనుబది దాటి, చూపు దాదాపుగా పోయి ఉన్నాడు. ఆ ఏడు డిసెంబరు 21వ తేదీన మరణించినాడు. బ్రిటిషు వలసలలో బానిసత్వమే రద్దయ్యే చట్టం 1833 వరకు రాలేదు. ఆయన అస్థికలను 1893లో లండను నుండి ఓల్నీకి తరలించినారు.

సమాధి ఫలకం మీద ఉండవలసిన వాక్యాలను న్యూటను ముందుగానే వ్రాసి పెట్టుకున్నాడు. ఒకనాడు తాను నాస్తికుడనని, దుర్వర్తనుడనని, ఆఫ్రికాలో బానిసలకు సేవకుడనని, క్రీస్తు కృపచేత రక్షింపబడి, చాలాకాలం తాను నాశనం చేయజూచిన విశ్వాసాన్నే బోధించుటకు నియమింపబడినానని ఆ వాక్యాల భావం. తాను బానిసవలె బ్రదికిన సంగతి అందులో ఉన్నది. తాను బానిసల ఓడకు కప్తానుగా ఉన్న సంగతి లేదు. అది కావలసినవారు ఫలకాన్ని విడిచి 1788 నాటి చిన్న పుస్తకాన్ని తెరువవలసి ఉంటుంది.